నాలుగు సంతకాల కోర్సు

ఇంద్రజకు మీటింగులంటే ఒళ్లుమంట. చెన్నైలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పద్నాలుగేళ్లుగా తెలుగు గెస్ట్ లెక్చరరు. ఏటా జూన్‌లో కొత్త ఉత్తర్వు వస్తేనే ఉద్యోగం ఉన్నట్టు. పుట్టి పెరిగింది అదే ఊళ్లోని చూలై పేటలో. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు మాత్రం తండ్రి దగ్గరే దిద్దుకుంది. ఆయన పుస్తకాలకు బైండింగ్ చేసేవాడు. విడిపోయిన పేజీలను వరసలో పేర్చడమే ఆ పిల్లకు వాచకం.

మూడేళ్ల కిందట ఆమె పనిచేసేదీ కలిపి నాలుగు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఒప్పందం చేసుకున్నాయి. తెలుగు మాట్లాడగలిగీ చదవలేని పెద్దవాళ్ల కోసం ఏడాది సర్టిఫికెట్ కోర్సు. పాఠాలు ఆన్‌లైన్‌లో, నెలకు రెండు ఆదివారాలు ముఖాముఖి తరగతులు. ఒకరు పాఠాలు చెప్పాలి, ఒకరు వెబ్‌సైటు నడపాలి, ఒకరు పరీక్ష పెట్టాలి, ఒకరు సర్టిఫికెట్ ఇవ్వాలి. కాగితం మీద ముచ్చటగానే ఉంది. సంతకాల రోజున సమన్వయకర్త, ఇంద్రజ శాఖకు పెద్ద అయిన ఆచార్య కామేశంగారు శాలువాల బరువుకు మెడ తిప్పలేకపోయారు.

ఆ తర్వాత తొమ్మిది మీటింగులు. అందులో ఐదు, ఎవరి చిహ్నం ముందుండాలన్న దానికే. అక్షరక్రమంలో పెడదామని ఒకరు, వయసును బట్టి పెడదామని ఇంకొకరు. చివరికి గుండ్రంగా పేర్చారు, ముందూ వెనకా ఉండదని. ఆ గుండ్రంలో పైన ఎవరుండాలని ఆరో మీటింగు పెట్టుకున్నారు.

ఆ పెద్దలు అక్కడ కాఫీలు తాగుతుండగా ఇంద్రజ స్టోరు గదిలో అరవై పాఠాలు రికార్డు చేసింది. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేసి, చెమట తుడుచుకుంటూ. వెబ్‌సైటు చూసే విశ్వవిద్యాలయంలో లయ అనే ఉద్యోగిని ఉండేది. ఆంధ్రలో ఆమె, చెన్నైలో ఈమె. ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఫోన్లలోనే కోర్సు నిలబెట్టారు. నాలుగు విశ్వవిద్యాలయాల సహకారం అంటే, నిజానికి ఈ ఇద్దరు ఆడవాళ్లే.

నలభై ఒక్కరు చేరారు. వాళ్లలో మునియక్క ఒకతె. వాషర్‌మెన్‌పేట్‌లో ఒక బట్టల అంగడిలో జాకెట్లు కుడుతుంది. వయసు యాభై రెండు. ఎందుకు చేరావని అడిగితే మొహమాటం లేకుండా చెప్పింది.

"నెల్లూరు నుంచి మా ఆడబిడ్డ వాట్సాప్‌లో తెలుగులో తిడతా ఉంటాది టీచరమ్మా. ఏం తిట్టిందో చదువుకోనన్నా రావాల గదా!"

ఏడాదికి ఇరవై నాలుగు ఆదివారం తరగతులన్నారు. జరిగినవి రెండు. హాలు తాళం కావాలంటే పరీక్ష పెట్టేవాళ్లు ఉత్తరం రాయాలని పాఠాలు చెప్పేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లే రాయాలని పరీక్ష పెట్టేవాళ్లు. విసిగిపోయి ఇంద్రజ మిగతావన్నీ చూలైలో తన ఇంట్లోనే చెప్పింది. అవి ఒప్పందంలో లేవని కామేశంగారు హాజరుపట్టీలో ఎక్కించుకోలేదు.

పరీక్షలో ఇరవై ఆరుగురు గట్టెక్కారు. ఎనిమిది నెలలు దాటినా సర్టిఫికెట్ రాలేదు. ఇంద్రజ మునియక్కను వెంటబెట్టుకుని కామేశంగారి గదికి వెళ్లింది.

"నాలుగు సంతకాలు కావాలమ్మా. ముందు ఎవరు పెట్టాలో ఇంకా తేలలేదు," అన్నారాయన.

"నన్నేంది సార్, ఈడికీ ఆడికీ తిప్పుతా ఉండారు? పరీక్ష రాసింది నేను, సంతకం పెట్టేదానికి మీకేం కష్టం?" అంది మునియక్క.

ఆయన నవ్వి, ఆమెను ఎగాదిగా చూశారు. "మీరే మాకు కావలసిన మనిషి," అన్నారు. మరుసటి నెలలో కోర్సు వార్షికోత్సవం. నలుగురు ఉపకులపతులూ వస్తున్నారు. చదువు నేర్చిన సామాన్యురాలిగా మునియక్క వేదిక మీద మాట్లాడాలట. ఏం మాట్లాడాలో ఆయనే రాసిస్తారట.

ఆ రోజు మునియక్క పట్టుచీర కట్టుకుని మైకు ముందు నిలబడింది. కాగితం పట్టుకుని అక్షరం తడబడకుండా చదివింది. "నాలుగు విశ్వవిద్యాలయాల అపూర్వ సమన్వయంతో ఇరవై నాలుగు తరగతులు విజయవంతంగా..." అక్కడ ఆగిపోయింది. కామేశంగారి వైపు తిరిగింది.

"ఇది తప్పుగా రాసుండారు సార్. మీ హాల్లో జరిగింది రెండే గదా. తక్కినయ్యన్నీ టీచరమ్మ ఇంట్లో. ఇంకా సర్టిఫికెట్టు కూడా మాకెవురికీ రాలేదే?"

హాల్లో వెనక వరసల్లో ఎవరో పకపకా నవ్వారు. ఉపకులపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కామేశంగారు మంచినీళ్లు అడిగారు. ఇంద్రజకు పద్నాలుగేళ్లలో అంత సంతోషం కలిగిన సభ ఇంకోటి లేదు.

ఎనిమిది నెలల్లో కానిది మూడు వారాల్లో అయింది. నాలుగు సంతకాలతో ఇరవై ఆరు సర్టిఫికెట్లూ వచ్చాయి. జూన్‌లో ఇంద్రజకు ఉత్తర్వు మాత్రం రాలేదు. పాఠాలు వెబ్‌సైటులో అలాగే ఉన్నాయి, గొంతు ఆమెదే. కింద ఆమె పేరు పోయి 'రూపకల్పన: ఆచార్య కామేశం' అని వెలిసింది. లయ ఫోను చేసి కళ్లనీళ్లు పెట్టుకుంది. "పై నుంచి చెప్పి మార్పించారక్కా," అంది.

ఇంద్రజ ఏడవలేదు. ఒక ప్రచురణ సంస్థకు ప్రూఫులు దిద్దే పని కుదుర్చుకుంది. ఆదివారాలు ఇంట్లో తరగతి మానలేదు. మునియక్క తన అంగడిలోంచి మరో ముగ్గురిని లాక్కొచ్చింది.

ఒక ఆదివారం తరగతి మధ్యలో కామేశంగారి ఫోను వచ్చింది. కోర్సు రెండో భాగానికి అనుమతి వచ్చిందట, పాఠాలు తొందరగా రికార్డు చేయాలట, ఆమె ఉద్యోగం ఉత్తర్వు సంగతి తర్వాత చూద్దామట.

"పాఠాల మీద మీ పేరే ఉంది కదా సార్," అంది ఇంద్రజ. "మీరే చెప్పండి."

ఫోను పక్కన పెట్టి, తరగతి వైపు తిరిగి, ఒత్తులు ఎక్కడిదాకా వచ్చాయని అడిగింది.