నాయిన అడిగిన తత్వం

నిన్న పొద్దున నాగర్‌కర్నూల్‌లో ఒక నెట్ సెంటర్లో కూర్చుని మా మనవరాలి డిగ్రీ దరఖాస్తు నింపిస్తూ, సబ్జెక్టుల జాబితాలో తత్వశాస్త్రం ఉందేమో చూడమన్నాను. కంప్యూటర్ ముందున్న అమ్మాయి పైకీ కిందికీ రెండుసార్లు వెతికి, "గదేం కోర్సు సార్? గది సదివితే ఏమైతరు?" అంది. మనవరాలు సిగ్గుపడి నా మోచేయి గిల్లింది.

తెలకపల్లి దగ్గరి మా పల్లె నుంచి, చర్చి ఫాదర్ రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని, దూరపు పట్నంలోని కేథలిక్కు విశ్వవిద్యాలయానికి పోయినప్పుడు నాకు దొరికింది తత్వశాస్త్రంలో సీటొక్కటే. ఫాదర్లు కాబోయేవాళ్లు చదివే చదువు అది. దేవుడున్నాడనడానికి వాళ్లు రుజువులు చెప్పేవాళ్లు, నేను లేచి ఒక్కొక్కటీ ఖండించేవాణ్ణి. నా మాట బొత్తిగా నచ్చని ముసలి ఫాదరే నాకు అందరికంటే ఎక్కువ మార్కులు వేసేవాడు. కానీ మా వైపు తత్వాలంటే వేరు. తంబుర మీటుతూ బైరాగులు పాడేవి, మనిషి పోతే శవం ముందు భజనవాళ్లు పాడేవి తత్వాలు. కొడుకు తత్వం చదువుతున్నాడని నాయిన చెప్పుకుంటే ఊరికి అర్థమైంది అదే, నాయినకు అర్థమైందీ అదే. సెలవుల్లో పోతే మేనత్త ఊరుకునేది కాదు: "తత్వాలు పాడనీకి కాలేజెందుకురా? మన బైరాగి ఏ కాలేజీల సదివిండు?" నేను నవ్వి వదిలేసేవాణ్ణి. ఊళ్లోవాళ్ల మూఢనమ్మకాలన్నిటితో పోట్లాడినవాణ్ణి, ఆ ఒక్క పొరపాటును సరిదిద్దడానికి బద్ధకించాను.

రెండో ఏడు ఎండల్లో నాయిన మంచాన పడ్డాడని కబురొచ్చింది. వలస పోయి ఏళ్లకేళ్లు రాళ్లు కొట్టిన మనిషి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. దవాఖానలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారట. నేను చేరేసరికి మిట్టమధ్యాహ్నం. రేకుల కింద కూర్చోనూ లేక, పడుకోనూ లేక ఉన్నాడు. నన్ను చూడగానే, "ఒక తత్వం పాడు బిడ్డా. నీ నోట ఇని పోత" అన్నాడు.

నాకు ఒక్క తత్వమూ రాదు. ఆత్మ ఉందని పాడితే అబద్ధం. లేదని చెప్పాలంటే ఆ కళ్లలోకి చూస్తూ చెప్పాలి. చదివిందంతా తిరగేసుకున్నాను. వాదాలూ ప్రతివాదాలూ తప్ప, కన్నుమూయబోతున్న మనిషి చేతిలో పెట్టదగ్గది ఒక్కటీ దొరకలేదు. అమ్మ నా నోటివంకే చూస్తోంది. చివరికి గతిలేక, తర్కంలో మాకు మొదటిరోజు నేర్పే మూడు వాక్యాల పాఠాన్ని భజన రాగంలోకి ఈడ్చాను. మనుషులందరూ పోయేవారే అని ఒక చరణం. నాయినా నువ్వూ మనిషివే అని ఇంకొకటి. మూడోది "కాబట్టి" అని ఎత్తుకున్నాను, పాట అక్కడే ఆగిపోయింది. మళ్లీ మొదటినుంచి పాడాను. మళ్లీ అక్కడే.

దగ్గు కాస్త నెమ్మదించాక, అక్షరమ్ముక్క రాని నాయిన అందుకున్నాడు. "గట్లయితే నేనూ పోతగదరా. దానికి గింత పరేషానెందుకు?" మేనత్త వైపు తిరిగి, మంచి తత్వమే నేర్పిండ్రు అన్నాడు. పొద్దుగూకకముందే పోయాడు.

ఆ తర్వాత ఎన్నో వేదికలెక్కాను. బాబాల మీద, బాణామతి మీద వాదించాను, గెలిచాను. ఆ రోజుల్లో ఓడినవాడు కూడా చివరి వాక్యందాకా విని, అప్పుడు తిట్టేవాడు. ఇప్పుడు మా హేతువాదులతో సహా అందరూ ముందు తీర్పు చెప్పేసి, కారణాలు తర్వాత వెతుక్కుంటున్నారు. నేను పలకలేక ఆగిపోయిన ముగింపును నామీద జాలిపడి తానే పలికిన శ్రోత మాత్రం నాకు మళ్లీ దొరకలేదు.