నిమ్మకాయకు అవతల వేసిన పీట

నా చిన్నప్పుడు గుడియాత్తంలో మా వీధికంతా కలిపి ఒకే కారు ఉండేది. అది మా అత్తది. మా నాన్నకు చెల్లెలు, మామ పోయాక పుట్టింటికే వచ్చేసిన మనిషి. అప్పట్లో ఆంబూరులో బూట్ల ఫ్యాక్టరీలు ఒకదాని పక్కన ఒకటి లేస్తుండేవి. విదేశాలకు పోయే బూట్ల పైభాగాలను తోలుతో కత్తిరించి, కట్టలు కట్టి బయట కుట్టించుకునేవాళ్లు. అత్త ఆ కట్టలు తెచ్చి మా వీధి ఆడవాళ్లకు పంచి, కుట్టించి, మళ్లీ ఆంబూరు చేర్చేది. బస్సుల్లో వాటితో వేగలేక, ఎవరో వాడి వదిలేసిన చిన్న తెల్ల కారు కొని, నడపడం కూడా నేర్చుకుంది. ఊరు నోరు వెళ్లబెట్టుకుని చూసింది. మేనకోడలిని కాబట్టి ముందు సీటు నాది.

ఆ కారు బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర కీచుమనేది, పలక మీద మేకుతో గీసినట్టు. మా అవ్వ విని, దిష్టి తగిలిందని తేల్చేసింది. నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చి కారు ముందు కట్టించింది. కీచు ఆగలేదు గానీ మా అందరి మనసులూ కుదుటపడ్డాయి. దిష్టి తీశాక ఇంకా చూడాల్సింది ఏముంటుందని ఎవరికీ తోచలేదు.

ఒకరోజు ఆంబూరు నుంచి వస్తుంటే రైలు గేటు పడింది. మా ముందు వరిగడ్డి వేసుకుపోతున్న ఎద్దులబండి ఆగింది. అత్త బ్రేకు తొక్కింది. కారు గరగరమంటూ ముందుకే పోయింది. ఎట్టకేలకు ఆగేసరికి మా ముందు అద్దమంతా గడ్డి. బండి వెనక కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న ఒక చిన్నపిల్ల ఆఖరి క్షణంలో కాళ్లు పైకి లాక్కుంది, అంతే. అత్త ఏడవలేదు. కారును నడక వేగంతో ఇల్లు చేర్చి, తాళంచెవి తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టేసింది. ఇక నడపననీ, అమ్మేస్తాననీ, కుట్టుపని ఇంకెవరైనా చూసుకోవచ్చుననీ చెప్పింది. ఆ పని మీద ఆధారపడి మా వీధిలో ఎన్నో ఇళ్లు ఉండేవి. కుట్టి పెట్టిన కట్టలు మా తిన్నె మీద పేరుకుపోసాగాయి, ఆడవాళ్లు వచ్చి వాటి వైపు చూసి వెళ్లేవాళ్లు.

మా తాతయ్య ఇళ్లు కట్టేవాళ్లకు ఇటుకలూ ఇసుకా తోలిన లారీ మనిషి. లారీ రిపేరు ఆయనకు మంచినీళ్ల ప్రాయం. కానీ కారు బ్రేకులు ఆయనకూ కొత్తే, లారీకి డ్రమ్ములుంటే దీనికి డిస్కులు, చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు. తెలియదని చెప్పడానికి ఆయనేమీ మొహమాటపడలేదు. ఒక చక్రం విప్పి, అరిగిన ప్యాడ్ ఊడదీసి, గుడ్డలో చుట్టుకుని, నన్ను వెంటేసుకుని వేలూరు బస్సెక్కాడు. విడిభాగాల అంగట్లో ఆ ముక్క చూపించి, ఏది ముందు ఏది తర్వాత అని విసుగొచ్చేదాకా అడిగి తెలుసుకున్నాడు. ప్యాడ్ మీద డిస్కును ఒత్తి పట్టే మందమంతా అరిగిపోయి ఇనుమును ఇనుమే గీరుతోందట. అవ్వ చెప్పిన దిష్టి అదన్నమాట. గీరుకుపోయిన డిస్కులు కూడా మార్చాలని అవీ కొన్నాడు. కొత్త డిస్కు తళతళలాడుతుంటే నా ముఖం చూసుకోబోయాను. వేలిముద్రలు పడతాయని తాతయ్య కసిరాడు.

మరునాడు పొద్దున ఇంటి ముందే పని మొదలుపెట్టి, స్పానర్లు అందించడానికి అత్తను పిలిచాడు. నేనున్నానని ఎగిరి దూకాను. "నువ్వు గాదు, మీ అత్తే రావాల," అన్నాడు. గొణుక్కుంటూ వచ్చింది.

వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు పక్క జాకీతో లేపి, కింద వేపదుంగ పెట్టాడు. ఇటుకలు తెస్తానంటే నన్ను తిట్టాడు. అవెంత సులువుగా విరుగుతాయో జీవితమంతా తోలినవాడికి తెలియదా! రెండు పక్కలూ ఒకేసారి విప్పనివ్వలేదు. ఒకటి విప్పి, తికమక పడ్డప్పుడల్లా రెండోదాని దగ్గరికెళ్లి తొంగిచూసి వచ్చేవాడు. తుప్పుపట్టిన పాత డిస్కు రానని మొండికేస్తే సుత్తితో తట్టి తట్టి ఊడదీశాడు. కొత్తదానికి పూసిన నూనెను అత్త చేత పెట్రోలు గుడ్డతో తుడిపించాడు. కొత్త ప్యాడ్లు మందం, వాటికి చోటు కావాలంటే లోపలున్న పిస్టన్‌ను వెనక్కి నొక్కాలి. అదీ అత్త చేతే నొక్కించాడు. మొదట ముఖం ముడుచుకుని నిలబడ్డ అత్త, రెండో చక్రం దగ్గరికి వచ్చేసరికి నట్లు తనే విప్పడం మొదలుపెట్టింది.

అన్నీ బిగించి కారును కిందికి దించాక, అత్తను సీట్లో కూర్చోబెట్టి, ఇంజిను వేయకుండానే బ్రేకు తొక్కమన్నాడు. కాలు నేలదాకా పోయింది.

"నాయనా, బ్రేకే లేదు! ఏం జేసినావు దీన్ని?"

"ఇంగో తూరి తొక్కు."

తొక్కింది, మళ్లీ తొక్కింది. తొక్కేకొద్దీ పెడల్ ఆమె కాలికింద గట్టిపడుతూ వచ్చి చివరికి కదలకుండా నిలబడింది. వెనక్కి నొక్కిన పిస్టన్ తిరిగి ముందుకొచ్చి ప్యాడ్లను ఆనించేదాకా పెడల్ అలా నేలదాకా పోతూనే ఉంటుందట. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా అని అత్త మండిపడింది.

"బయపడాల్సిందంతా ఈడ్నే పడిపోమ్మా, నిలబడిన బండిలో," అన్నాడు తాతయ్య.

ఆ తర్వాత తనే కారును వీధి చివరిదాకా నడిపి, అక్కడా ఇక్కడా ఆపి చూసుకుని వచ్చాడు. ఇంతలో అవ్వ చక్రాల కింద పెట్టి తొక్కించడానికి నిమ్మకాయలు తెచ్చింది. తాతయ్య అందులో ఒకటి తీసుకుని, కారుకు బాగా దూరంగా వీధి మధ్యలో పెట్టాడు. దాన్ని తొక్కించకుండా ఆపాలి అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ముక్కాలిపీట తెచ్చి, నిమ్మకాయకు అవతల వేసుకుని, కారుకు ఎదురుగా కూర్చున్నాడు. నా చేత కాఫీ తెప్పించుకుని, గ్లాసు రెండు చేతులా ఒళ్లో పట్టుకుని నవ్వుతున్నాడు.

"లెయ్ నాయనా ఆడ్నించి! నా వల్ల కాదు," అని అత్త అరిచింది.

"బండి బాగుండాది. నువ్వూ బాగుండావు. రామ్మా."

అవ్వ తిట్లు లంకించుకుంది. కుట్టుపని ఆడవాళ్లంతా తిన్నెల మీదికి వచ్చి నిలబడ్డారు. అత్త చాలాసేపు కదల్లేదు. తర్వాత కారు కదిలింది. తాతయ్య వైపే వచ్చి, ముక్కు కొంచెం వంచి, ఆగింది. కీచన్న మాటే లేదు. నిమ్మకాయ టైరు ముందు చెక్కుచెదరకుండా ఉంది. అత్త స్టీరింగు మీద తల పెట్టుకుని, గడ్డిబండి రోజు రాని ఏడుపంతా ఏడ్చింది. తాతయ్య లేచి, నిమ్మకాయ తీసి అవ్వకిచ్చి, దాన్ని నీళ్లలో పిండి అత్తకు ఇమ్మన్నాడు. నేను కాఫీ గ్లాసు తీసుకుంటే పైన మీగడ కట్టి ఉంది. ఒక్క గుక్కైనా తాగలేదు. చక్కెర తక్కువైందేమో అనుకున్నాను. ఆ సాయంత్రమే కట్టలు ఆంబూరు వెళ్లాయి.

ఇప్పటికీ నా కారు సర్వీసు నుంచి వస్తే, కదిలించేముందు బ్రేకు తొక్కి తొక్కి చూసుకుంటాను. ఆ రోజు నేర్చుకున్నది అంతే అనుకుంటూ ఉండేదాన్ని. ఈమధ్య మా అమ్మాయి కారు నేర్చుకుంటూ గోడకు గుద్దింది. ఇక జన్మలో ముట్టనని తాళం నా చేతిలో పెట్టేసింది. నాకు తోచిన దారి ఒకటే. వీధిలో నిమ్మకాయ పెట్టి, అవతల కుర్చీ వేసుకుని, కాఫీ గ్లాసుతో కూర్చుని రమ్మన్నాను. కారు నా వైపు కదిలింది. ధైర్యంగా ఒక గుక్క తాగుదామని గ్లాసు ఎత్తబోయాను. చేయి వణికింది. ఎత్తితే పిల్ల చూసేస్తుంది. మా తాతయ్యను తలుచుకుని, గ్లాసును రెండు చేతులా ఒళ్లో పట్టుకుని నవ్వుతూ కూర్చున్నాను.