సూచిన్ ఒంట్లో ఉండి వెళ్ళినవాళ్ళు

చైనాలోని సుజౌ పాతబస్తీలో మియావ్ సూచిన్‌కి హుంతున్ల కొట్టు ఉండేది. పల్చటి పిండి రేకులో పంది కీమా పెట్టి, చేతివంక చూడకుండానే మడిచి సూపులో వేసేది. భర్త విడాకులిచ్చి వెళ్ళాక ఆ కొట్టే ఆవిడకి లోకం.

యాభై దాటాక చర్మం బిగుసుకోవడం మొదలైంది. ముందు వేళ్ళు, తర్వాత మొహం. నోరు సరిగా తెరుచుకోదు, నవ్వు రాదు. ఆవిడ మొహం మాడ్చుకుంటోందనుకుని వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. పక్కనే టీ ఆకులమ్మే గూ మాత్రం, "ఏం వదినా, నన్ను చూస్తే అంత మంటా?" అని ఆటపట్టించేవాడు. జవాబుకి పెదాలు సహకరించేవి కావు. చివరికి వేళ్ళు మడత పడక కొట్టు మూసేసింది.

షాంఘై ఆసుపత్రిలో డాక్టర్ రువాన్, కూతురి వయసు పిల్ల, సంగతంతా విప్పి చెప్పింది. ఒంటిని కాపాడాల్సిన కణాల్లో కొన్ని దారితప్పి ఒంటిమీదే పడ్డాయట. వాటిని ఏరేసేందుకు, ఆరోగ్యంగా ఉన్న ఇంకో మనిషి రక్తంలోంచి కణాలు తీసి, మార్పులు చేసి ఎక్కిస్తారట. వైద్యం కొత్తది, ఇంకా పరీక్షల్లోనే ఉంది, నయమవుతుందని మాటివ్వలేమంది.

"ఆ రక్తం ఎవరిది?" అంది సూచిన్.

"మాకూ తెలీదు పిన్నీ. చెప్పరు."

చిన్న సంచీలోంచి కణాలు ఎక్కాయి. ఆ సాయంత్రమే జ్వరం కమ్మింది. ఆవిణ్ణి ఉంచిన గదిలోకి చుట్టాల్ని రానివ్వరు. ఆవిడకి వచ్చేవాళ్ళూ లేరు. మూలుగుతూనే తన ఒంట్లోకి వచ్చిన ఆ పరాయి మనిషిని పలకరించింది. "తిన్నావా?"

నెలలు గడిచేకొద్దీ వేళ్ళు వదులయ్యాయి. నోరు తెరుచుకుంది. కొట్టు మళ్ళీ తెరిచింది. పిండి కలుపుతూ, కీమా రుచి చూస్తూ, ఆ మనిషితో కబుర్లు చెప్పడం అలవాటైపోయింది.

తర్వాతి పరీక్షకి వెళ్తే రువాన్ నవ్వుతూ ఎదురొచ్చింది. "మీ రక్తంలో ఆ కణాలు ఇంక ఒక్కటీ కనబడటం లేదు పిన్నీ. పని చేసి పోయాయి. జబ్బు జాడ కూడా లేదు."

"ఎప్పుడు పోయాయి?"

"ఫలానా రోజని చెప్పలేం. వాటంతటవే తగ్గిపోతాయి."

"నాకేమీ తెలియలేదే," అంది సూచిన్. డాక్టరమ్మకి దండం పెట్టి బయటికొచ్చింది. రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు పిండి కలుపుతూ, అలవాటుకొద్దీ ఆ మనిషితో ఏదో అనబోయి ఊరుకుంది. అప్పటికే కొట్టు ముందు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు.