సామాన్ బీర్వల పెట్టినవా

కోహీర్ బస్సు కోసం జహీరాబాద్ బస్టాండులో కూర్చుని, అచ్చుకు వెళ్లబోయే నా డిటెక్టివ్ నవల దిద్దుకుంటున్నాను. పక్కన అల్లం సంచితో కూర్చున్నావిడ కాగితంలోకి తొంగి చూసి, ఒక మాట మీద వేలు పెట్టింది.

"రివాల్వర్‌కు మ్యాగజిన్ ఏడుంటది సార్? దానికి గుండ్లు చక్రంల పెడ్తరు. మ్యాగజిన్ ఉండేది పిస్టల్‌కు."

ముప్పై నవలలు రాశాను. రెండూ ఒకటే అనుకుని, పాఠకుడికి విసుగు రాకుండా మార్చి మార్చి వాడాను. ఎలా తెలుసమ్మా అన్నాను, కాస్త కటువుగానే.

"మా ఆయన ఒక లీడర్ దగ్గర గన్‌మన్‌గ చేసిండు. నడుముకు పిస్టల్‌తోనే ఇంటికొస్తుండె."

"ఇంట్లో కూడా పిస్టల్ అనే అనేవారా?"

"పిల్లల ముంగట ఆ పేరెందుకని సామాన్ అంటుంటిమి. సామాన్ బీర్వల పెట్టినవా అని అడిగి, పెట్టినంకనే అన్నం వడ్డిస్తుంటి."

ఆ మాట నాది కానందుకు కడుపు మండిపోయింది. ఆవిడ బస్సెక్కాక, రివాల్వర్ కొట్టేసి సామాను అని రాసి చూశాను. అతకలేదు. ముప్పై నవలల్లో ఎక్కడా నా హీరోకు అన్నం పెట్టే మనిషి లేదు.