పిలుస్తాడని మెల్లగా నడిచినాను

నాకు ఒంట్లో బాగలేదని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, మా బామ్మర్ది. తిరుత్తణిలో మాది చీరల అంగడి. ఆ రోజు నేతాయన మూట విప్పి ధర చెప్పగానే నేను "సరే" అనేసినాను.

"అక్కా, బావకేమో అయింది! బేరం చేయలే!" అని వాడు లోపలికి అరిచినాడు.

చూస్తే ఒళ్లు పెనం మాదిరి కాలుతోంది. వణుకు పట్టుకుంది.

మా ఊరి డాక్టరు టైఫాయిడేమోనని మాత్రలిచ్చినాడు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎగిరింది. తిరువళ్లూరులో నర్సింగ్‌హోంలో చేర్చినారు. అక్కడి డాక్టరు బ్లడ్ కల్చర్ చేయించి, "రక్తంలోనే స్టెఫిలోకాకస్ అనే క్రిమి ఉంది. ఈమధ్య గడ్డ ఏమన్నా లేసిందా?" అన్నాడు. తొడమీది సెగ్గడ్డను నేనే పిండుకున్న సంగతి మా ఆవిడ చెప్పేసింది. నేనైతే చెప్పుండను. అంగడిలో పెరిగినోడు ఎదుటి మనిషికి ఏదీ ముందుగా చెప్పడు.

నరానికి ఇంజెక్షన్లు పడినాక జ్వరం దిగింది. ఇంక ఇంటికే అనుకుంటే, "మద్రాసు నుంచి స్పెషలిస్టు వస్తాడు, ఆయన చూడాల" అన్నాడు డాక్టరు. మధ్యలో బ్రోకరును దించుతున్నాడని నాకు అనుమానం.

స్పెషలిస్టు తొందర లేని మనిషి. రిపోర్టులన్నీ చదివి, "జ్వరం దిగితే చాలదు. ఇంజెక్షన్లు ఇంకా కొన్ని వారాలు పడాల" అన్నాడు.

"సగం చేసుకోండి సార్. మిగతా సగానికి మాత్రలు మింగుతా."

"సగం క్రిములు చచ్చేదానికా?"

"కొత్తగా వచ్చినోళ్లకి మేము కొంచెం తగ్గిస్తాం సార్."

ఆయన నవ్వలేదు. దుప్పటి చుట్టి చంకన పెట్టుకొని, "అయితే వేరే చోట చూసుకుంటాంలే" అని బయలుదేరినాను. ఇట్లాంటప్పుడు మెల్లగా నడవాల. పిలిచేదానికి ఎదుటోడికి వ్యవధి ఇవ్వాల.

వాకిలి దాకా పోయినాను. పిలవలే. మెట్టు మీద కాలు పెట్టినాను.

"నిల్లుంగయ్యా!" అని స్పెషలిస్టు అరవంలో ఆపినాడు.

గెలిచినాననుకొని తిరిగినాను.

"నడుము పట్టుకొని నడుస్తున్నారెందుకు?"

"మీ మంచం సరిలేదు సార్."

"ఒంగి ఆ చెప్పు తీయండి."

ఒంగలేకపోయినాను. ఆయన నా వెన్నెముకను పైనుంచి వేలితో తట్టుకుంటా వచ్చినాడు. ఒకచోట నేను పెట్టిన కేకకు నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఈ నొప్పి ఎప్పటినుంచి?"

"జ్వరంతోపాటే సార్. చెప్తే ఇంకా ఎక్కువ రోజులు పెడతారని..."

మా ఆవిడ తల కొట్టుకుంది. "ఏమయ్యా, డాక్టరు దగ్గర కూడానా సరుకు దాచేది!"

ఎక్స్‌రే తీస్తే ఇన్ఫెక్షన్ వెన్నుపూసకు పాకిందని తేలింది. "ఈ పొద్దు ఇంటికి పోయుంటే కాళ్లు పడిపోయేవి," అన్నాడు స్పెషలిస్టు. "ఇప్పుడు నేను చెప్పినదానికి రెండింతల వారాలు పడుతుంది."

నా జన్మలో రెండోసారి, మొదటి మాటకే "సరే" అన్నాను.

మధ్యలో మందు పడక ఒళ్లంతా దద్దుర్లు లేస్తే ఇంజెక్షన్ మార్చినారు. గుచ్చేదానికి నరం దొరక్క నర్సమ్మ రోజూ నన్నే తిట్టేది. ఎట్లో కడకు నా కాళ్లతో నేనే రైలెక్కి ఊరు చేరినాను.

ఇప్పుడు అంగడిలో స్టూలు మీద కూర్చుంటాను. మూటలెత్తేది బామ్మర్ది. చదివేవాళ్లకు నేను చెప్పేదొక్కటే: కల్చర్‌లో రక్తంలో క్రిమి ఉందని తేలితే, జ్వరం దిగినా సరే, స్పెషలిస్టుకు ఒకసారి చూపించండి. ఉన్న నొప్పులన్నీ ఆయన ముందర పరిచేయండి.

బేరం తెగక మెట్లు దిగేవాళ్లలో ఎవరైనా నడుము పట్టుకొని పోతుంటే నేనే వెనక్కి పిలుస్తాను. ధర తగ్గిస్తానేమోనని పాపం, సంతోషంగా వెనక్కి తిరుగుతారు.