ఎదురుగా కూర్చుని నేర్చిన చదువు

మా వీధి ఆడవాళ్లందరం వరలక్ష్మీ వ్రతం పిన్నిగారింట్లోనే చేసుకుంటాం. ఆవిడ నాకు చుట్టం కాదు, వీధి మొత్తానికి పిన్నిగారు. తణుకులో మేము బెల్లం కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, పూజ చివర కథ చదివేది ఆవిడే. మేమంతా గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని వినేవాళ్లం. గొంతు ఆరిపోతే కాసేపు పుస్తకం పక్కవాళ్లకి ఇచ్చేవారు. అది నా దాకా వస్తే, "కళ్ళజోడు తేలేదండి" అనేదాన్ని. ఏటా అదే మాట. నాకు అసలు కళ్ళజోడే లేదు. చదువూ లేదు.

ఆ చదువు యాభై దాటాక వచ్చింది. మా మనవరాలు రెండో క్లాసులో ఉండగా, సాయంత్రాలు వంటింట్లో నేల మీద పుస్తకం పరుచుకుని వేలు పెట్టి పైకి చదివేది. నేను ఎదురుగా కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరిగేదాన్ని. దాని వేలు ఎటు పోతే నా చూపు అటు పోయేది. ఒకరోజు అది 'పడవ' అనేలోపే నేను అనేశాను.

"మామ్మా! నీకు చదవడం వచ్చా?" అంది, కళ్లు ఇంతేసి చేసుకుని.

"ఇప్పుడే వచ్చినట్టుందే" అన్నాను.

ఇక రోజూ అదే పంతులమ్మ. అయితే కూర్చునే తీరు మాత్రం మారలేదు. అది అటు, నేను ఇటు, మధ్యలో దానివైపు తిరిగిన పుస్తకం. అలా అక్షరాలన్నీ నాకు తలకిందులుగానే పరిచయమయ్యాయి. పుస్తకం తిన్నగా పెట్టుకుని చదవడం తర్వాత విడిగా నేర్చుకున్నాను. ఇప్పటికీ తిన్నగా అయితే కూడబలుక్కోవాలి. బస్సు బోర్డు పూర్తిగా చదివేసరికి బస్సు వెళ్లిపోతుంది.

ఈ సంగతి మా ఇంటి గడప దాటలేదు.

మొన్న శ్రావణంలో పిన్నిగారికి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని మా కొట్టుకే వచ్చారు.

"అమ్మాయ్, ఈసారి కథ నువ్వు చదవాలి."

"నేనాండీ? నాకు గొంతు లేదండీ."

"నీకు గొంతు లేదా! నువ్వు కేకేస్తే సందు చివరి పాలవాడు వెనక్కొస్తాడు. కుదరదంటే రేపటికల్లా చెప్పు, ఇంకెవరినైనా చూసుకుంటాను. కళ్ళజోడు మాత్రం మర్చిపోకు."

ఆ రోజంతా కాలు నిలవలేదు. చదవనంటే మళ్లీ ఎవరూ అడగరు. చదివి తడబడ్డానంటే, ఇన్నేళ్ల కళ్ళజోడు అబద్ధం ముప్పై మంది ముందు బయటపడుతుంది.

మనవరాలు ఇప్పుడు రాజమండ్రిలో డిగ్రీ చదువుతోంది. ఆ సాయంత్రమే సెలవుకి వస్తూ బొమ్మల కార్డుల పెట్టె ఒకటి తెచ్చింది. టారో కార్డులట, బొమ్మ తీయించి జోస్యం చెప్పేవి. హాస్టల్లో పిల్లలందరికీ అదే చెబుతుందట, ఎవరు ఏ కోర్సులో చేరాలో కూడా.

"నాకూ చూడవే. చదవనా, మాననా?" అన్నాను.

వంటింట్లో పాత చోటులోనే ఎదురుబొదురుగా కూర్చున్నాం. ఎడం చేత్తో తియ్యమంది. తీసి కింద పెట్టాను. రెండు స్తంభాల మధ్య ఒకావిడ కూర్చుని ఉంది. ఒళ్లో చుట్టిన కాగితం, సగం పైట కింద దాచుకుంది.

పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. "రివర్స్‌లో వచ్చింది మామ్మా. తలకిందులు."

"నాకు తిన్నగానే ఉంది కదే."

"చూసి చెప్పేవాళ్ల వైపు నుంచి లెక్క. నా వైపు నుంచి తలకిందులే."

"అయితే ఆ గొడవేదో నీదన్నమాట. నాకేం లేదు."

"ఆపు మామ్మా!" అని నవ్వాపుకోలేక మిగతా కార్డులన్నీ ఒళ్లో పోసుకుంది.

"సరే, దీనర్థం మానెయ్యమనా?"

"కాదు. తలకిందులు వస్తే వద్దని కాదు. కార్డులో ఉన్నది నీ దగ్గరా ఉంది, కాకపోతే లోపలే ఆగిపోయింది. ఈవిడకి అన్నీ తెలుసు. బయటపెట్టడానికే జంకు."

"ఇంకోటి తియ్యనా?"

"ఒక ప్రశ్నకి ఒకటే. నచ్చేదాకా తీస్తే అది కార్డులు చూడటం కాదు, వంకాయలు ఏరుకోవడం."

ఆ కాగితం దాచుకున్నావిడని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఫోన్ చేసి, చదువుతానని పిన్నిగారికి చెప్పేశాను.

శుక్రవారం పూజ అయ్యింది. చిన్న పీట మీద పుస్తకం పెట్టి నా ముందుకు జరిపారు. మనవరాలు పీటకి అవతల కూర్చుంది. మొదటి వాక్యం రెండుసార్లు మొదలెట్టి రెండుసార్లూ ఆగిపోయాను. వెనకనుంచి ఎవరో, "కాస్త గట్టిగా చదవండీ" అన్నారు. చేతిలో అక్షింతలు తడిసిపోయాయి.

అప్పుడేమనిపించిందో, పుస్తకాన్ని చటుక్కున మనవరాలి వైపు తిప్పేశాను. అది గబుక్కున మొదటి వరస మీద వేలు పెట్టింది. ఇక చూసుకోండి, దొండకాయలు తరిగినట్టు సాగిపోయింది కథ. దాని వేలు కంటే నేనే ముందు పోతున్నాను.

"అదేంటండీ, పుస్తకం అటు తిప్పేశారు?" అంది ఎదురింటావిడ.

"నేను ఇలాగే నేర్చుకున్నానండీ, యాభై దాటాక" అనేశాను. ఎవరో కిసుక్కుమన్నారు, అందరూ అందుకున్నారు, నేనూ అందుకున్నాను.

నల్లద్దాల వెనకనుంచి పిన్నిగారికి పుస్తకం ఎటు తిరిగిందో కనిపించడం లేదు. "శుభ్రంగా చదువుతుంటే ఏంటర్రా ఆ నవ్వులు? నువ్వు కానీ అమ్మాయ్!" అని కసిరారు.

కథ చివరిదాకా నేనే చదివాను. శనగల వాయనం చేతిలో పెడుతూ ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

"ఇంతకీ కళ్ళజోడు తెచ్చావా?"

"లేదండీ. అసలు నాకు లేదండీ."

"తెలుసులే. వచ్చే ఏడు మాత్రం ఆ పిల్లని తెచ్చుకోవడం మర్చిపోకు" అన్నారు.