వేదిక ఎక్కిన శ్రోతలు

శనివారం ఉదయం 9.50: ఆహ్వానపత్రంలో పది గంటలకని అచ్చువేసిన సభకు తలుపు తీసినవారు లేరు. నేనూ మా చిన్నమ్మా మెట్ల మీద కూర్చున్నాం.

శనివారం 11.20: ఇది నా రచన చదవడానికి లిఖితపూర్వకంగా కేటాయించిన సమయం. అప్పటికి జ్యోతి ప్రజ్వలన జరుగుతోంది.

శనివారం మధ్యాహ్నం 3.10: మా చిన్నమ్మ వద్దంటున్నా వినకుండా శాలువా కప్పి ఆమెను వేదిక మీద కూర్చోబెట్టారు.

3.25: శ్రోతలు లేరన్న కారణంతో నా పఠనాన్ని రద్దు చేశారు.

3.40: నా రచనను శ్రావ్యంగా చదివినందుకు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

పై అంశాలన్నీ జరిగిన చోటనే, జరిగిన నిమిషంలోనే రాసుకున్నవి. ఉద్యోగకాలమంతా బడిలో హాజరుపట్టీ రాసినదాన్ని. మా చర్చి స్త్రీల సమాజం మినిట్సు పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంటుంది. ఉత్త జ్ఞాపకాన్ని నమ్ముకుని ఒకరిని నిందించే అలవాటు నాకు లేదు.

మాది మార్టూరు దాటి లోపలికి వెళితే వచ్చే ఊరు. పత్తి, మిరప పండే నేల. మా అమ్మకు చెల్లెలైన చిన్నమ్మ జీవితమంతా ఇతరుల చేలల్లో మిరపకాయలు కోసింది. బడి గడప తొక్కలేదు. కిందటి సంవత్సరం ఆమె చెబుతూ ఉంటే నేను నాలుగు పేజీలు రాశాను. కోతల కాలంలో చేతుల మంట ఎంత కడిగినా పోయేది కాదట. ఆ చేతులతో పసివాడి ముఖం ముట్టుకుంటే వాడు గుక్కపట్టి ఏడ్చేవాడట. అందుకని బిడ్డను రెండు మోచేతుల మధ్య ఇరికించి ఎత్తుకునేదట. 'నా పిల్లోడికి మూడు నెల్లు నా మోచేతులే తెలుసు, అరచేతులు తెలవ్వు' అన్నది ఆమె మాట. ఒక్క అక్షరం మార్చకుండా రాశాను.

రాసినది ఇంట్లో చదివి వినిపించాను. అంతా విని, ఆమె పెదవి విరిచింది.

"నా ఒక్కదానికే చదివితే ఏం లాభం అమ్మాయ్? పెళ్ళి ప్రకటన చర్చిలో మూడు ఆదివారాలు ఎందుకు చదువుతారు? అభ్యంతరం ఉన్నోళ్ళు లేచి చెప్తారనేగా! ఇది కూడా నలుగుర్లో చదువు. అబద్ధవని ఎవరన్నా అంటే నేనక్కడే ఉంటా."

"మన చర్చిలోనే చదువుదాం చిన్నమ్మా."

"మన చర్చిలో అందరూ మనోళ్ళే. ఏది చదివినా ఆమెన్ అంటారు. నన్నెరగనోళ్ళ ముందర చదవాలి."

ఇందులో నాకు తప్పేమీ కనబడలేదు. వాడరేవుకు కొద్ది దూరంలో, సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న పట్టణంలో ఏటా శని, ఆదివారాల్లో సాహిత్య ఉత్సవం జరుగుతుంది. నిర్వాహకులకు మూడు ఉత్తరాలు రాశాను, నకళ్ళు ఉన్నాయి. మూడవదానికి జవాబుగా కార్యదర్శిగారు పది నిమిషాలు కేటాయించారు. రెండు బస్సులు మారి వెళ్ళాం.

సభాస్థలి ఒక కల్యాణమండపం. ముందురోజు పెళ్ళి అలంకరణ విప్పలేదు. అధ్యక్షులవారూ ముఖ్య అతిథీ వధూవరుల సింహాసనాల్లో కూర్చున్నారు. గాలి మళ్ళినప్పుడల్లా ఎండుచేపల వాసన కొడుతోంది.

మన సభల్లో ఒక ఆచారం ఉంది. వేదిక మీదికి పిలవడం గౌరవం, పిలవకపోవడం అవమానం. అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి వరుసగా ఎక్కారు. ఎక్కిన ప్రతి పెద్దమనిషికీ కింద తెలిసినవారొకరు కనబడ్డారు. వెంటనే వ్యాఖ్యాత చెవిలో, "మా బావగారు కింద కూర్చున్నారండీ, బాగోదు" అన్నారు. బావగారు ఎక్కారు. బావగారికి తన గురువుగారు కనబడ్డారు. పైన కుర్చీలు చాలక కింది కుర్చీలు పైకి మోశారు. ఎక్కినవారందరికీ తలా ఒక శాలువా కప్పారు. కప్పించుకున్నవారు "రెండే రెండు మాటలు" మాట్లాడారు.

నేను లెక్క రాస్తూ వచ్చాను. పన్నెండింటికి వేదిక మీద పంతొమ్మిది మంది, కింద ముప్పై ఒక్కరు. ఒంటిగంటకు పైన ముప్పై నలుగురు, కింద పదహారు మంది. భోజనాలయ్యాక ఏడుగురు ఇళ్ళకు వెళ్ళారు. మూడు గంటలకు పైన నలభై ఒక్కరు. కింద నేను, చిన్నమ్మ.

అప్పుడు వ్యాఖ్యాత దృష్టి చిన్నమ్మ మీద పడింది. పొద్దుటి నుంచి కదలకుండా విన్నందుకు ఆమెను ఉత్తమ శ్రోతగా ప్రకటించి, పైకి రమ్మన్నాడు.

"నేనొచ్చింది వింటానికి నాయనా, ఎక్కటానికి కాదు" అంది చిన్నమ్మ.

"పైన కూర్చుని వినండమ్మా."

"పైనున్నోళ్ళు ఎవరూ వింటంలా గదయ్యా! పొద్దుట్నుంచీ చూస్తన్నా."

ఇద్దరు వచ్చి రెండు చేతులూ పట్టుకుని తీసుకువెళ్ళారు. "ఈ ఉక్కలో దుప్పటేంది నాయనా" అంటూ ఉండగానే శాలువా కప్పారు. వేదిక చివర ఆమెకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

వెంటనే నన్ను పిలిచారు. కాగితాలతో మైకు ముందు నిలబడ్డాను. ఎదురుగా మనిషి లేడు. నోరు తెరవబోయేసరికి అధ్యక్షులవారు చెయ్యి ఎత్తారు.

"ఒక్క నిమిషం టీచరుగారూ. శ్రోతలు లేకుండా పఠనం ఎలా జరుపుతామండీ? సంప్రదాయం కాదు."

"నా వెనక నలభై ఇద్దరు ఉన్నారు కదండీ" అన్నాను.

"వారు శ్రోతలు కారమ్మా. వారు వేదిక."

పది నిమిషాల పాటు కొందరు కిందికి దిగి కూర్చోవలసిందిగా సవినయంగా కోరాను. ఎవరూ కదలలేదు. సింహాసనం పక్కనున్న ఆత్మీయ అతిథి నాకు నచ్చజెప్పారు: "దిగితే అలిగి దిగామనుకుంటారండీ. కిందటేడు ఒకాయన మంచినీళ్ళకని దిగాడు. ఇప్పటికీ మాకూ ఆయనకీ మాటల్లేవు."

"నేను దిగుతా, జరగండయ్యా" అని చిన్నమ్మ లేచింది.

"ఒక్కరితో సభ కాదమ్మా" అన్నారు అధ్యక్షులవారు.

ఆమె నా వైపు తిరిగింది. "అదీ నిజవే అమ్మాయ్. ఒక్కదానికే చదివేదైతే ఇంట్లో చదివావు గదా."

వందన సమర్పణ మొదలైంది. సభను జయప్రదం చేసిన శ్రోతలకు మొట్టమొదట కృతజ్ఞతలు చెప్పారు. తర్వాత నా చేతికి ప్రశంసాపత్రం వచ్చింది. 'శ్రోతల హర్షధ్వానాల నడుమ స్వీయరచనను శ్రావ్యంగా వినిపించినందుకు' అని బంగారు రంగులో ఉంది. ఇది జరగలేదని కార్యదర్శిగారికి చెప్పాను.

"ముందే అచ్చువేయించామండీ" అన్నారాయన.

"అయితే రేపు ఆదివారం పది నిమిషాలు ఇప్పించండి."

"రేపు చదవనివాళ్ళకండీ. మీరు చదివేసినట్టు రికార్డులో ఉంది."

రికార్డులో ఉన్నదే జరిగినట్టు లెక్క అని నా విద్యార్థులకు నేనే నేర్పాను. అందుకే ఆ మాటను కూడా అక్కడే రాసుకున్నాను.

బస్సులో చిన్నమ్మ శాలువాను మడిచి ఒడిలో పెట్టుకుంది. పర్చూరు దాటాక అడిగింది:

"ఎవరన్నా లేచి అబద్ధవన్నారా?"

"ఎవరూ వినలేదు చిన్నమ్మా."

"అయితే అది ఇంకా నిజం కాలేదన్నమాట" అని కిటికీ వైపు తిరిగింది. మోచేతులు రెండూ శాలువా మీద ఆనించుకుని కూర్చుంది.

కావున నిర్వాహకులు ఈ క్రింది విషయాలకు పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. శనివారం నాడు నా పఠనం జరగలేదని మీ రికార్డులో నమోదు చేయాలి. ప్రశంసాపత్రాన్ని దీనితో జతపరచి తిప్పి పంపుతున్నాను. వేదిక మీదివారు శ్రోతలు కాకపోతే, నలభై ఒక్కమంది ఆ రోజు దేనికి వచ్చారో తెలపాలి. నాలుగు పేజీలూ చదవడానికి మరొక తేదీ నిర్ణయించాలి. ఆ రోజు మా చిన్నమ్మను ఎరగనివారు కనీసం పదిమంది కింద కూర్చోవాలి, పఠనం పూర్తయ్యేవరకు వారిలో ఎవరినీ పైకి పిలవరాదు. అభ్యంతరం ఉన్నవారు లేచి చెప్పడానికి ఐదు నిమిషాలు విడిగా కేటాయించాలి.

ఫోను ద్వారా ఇచ్చే సమాధానం స్వీకరించబడదు. మా చిన్నమ్మకు ఎనభై దాటాయి గనుక గడువు పొడిగించడానికి వీలుపడదు.